పాకం గదిలో కంప్యూటర్

సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోయాక గానీ నర్సన్న అల్లం సోడాలో తేడా ఉందని ఎవరికీ తెలియలేదు.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బొగ్గు బావుల్లో పని ఆగింది, బొగ్గు లేక కరెంటు పోయింది, కరెంటు లేక మగ్గాలు నిలబడ్డాయి. మగ్గాలు నడిచినన్ని రోజులు ఆ చప్పుడు మధ్య మనుషులు సోడాను గొంతులో పోసుకుని పనికి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడు తీరిక దొరికింది. పాన్ డబ్బాల ముందు కూర్చుని ఒక్కో గుక్క చప్పరిస్తున్నారు. చప్పరించేసరికి నిన్నటి సీసా వేరు, ఈ రోజు సీసా వేరు అని తేలిపోయింది.

సిరిసిల్లలో సోడా పెట్టెలు దించుకుని దుకాణాలకు వేసే లింగన్న ఫోన్ చేసి ఇదంతా నర్సన్నకు చెప్పాడు. చివరికి ఒక మాట అన్నాడు.

"ఒకనాడు తియ్యగుంటది, ఒకనాడు సప్పగుంటది. గిట్లయితే నేను ఎవనికి ఏం జెప్పాలె నర్సన్నా? వచ్చే వారం నేనే కోరుట్లకు వస్త. రెండు దినాల సోడా పక్కపక్కన పెట్టు. ఒక్క తీరుగుంటే తీస్క పోత. లేకుంటే ఇగ ఆపేద్దాం."

నర్సన్న ఏళ్ళ తరబడి దుబాయిలో కూల్‌డ్రింకుల కంపెనీలో పనిచేసి వచ్చి, కోరుట్ల దాటాక మెట్‌పల్లి రోడ్డు మీద అల్లం సోడా, సుగంధి సోడా చేసే ఈ ఫ్యాక్టరీ పెట్టాడు. మూడు గదులు. ఒకదాంట్లో సీసాలు కడుగుతారు. ఒకదాంట్లో గ్యాసు పట్టి మూతలు బిగిస్తారు. మూడోది పాకం గది. అక్కడ చక్కెర మరిగించి, అల్లం రసం, నిమ్మ ఉప్పు కలిపి పాకం చేస్తారు. సోడాకు రుచి వచ్చేదంతా ఆ గదిలోనే.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ రెడీమేడ్ పాకం డబ్బాల్లో అమ్ముతుంది. మూత తీసి నీళ్ళలో కలుపుకోవడమే. ఏ డబ్బా తీసినా ఒకటే రుచి. ఆ కంపెనీ మనిషి నర్సన్నకు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాడు. డబ్బాలు వస్తే పాకం గదికి తాళం పడుతుంది. నర్సన్నకు అది ఇష్టం లేదు. తన సోడా తన సోడాలాగే ఉండాలని అతని పంతం. అందుకే ముందుచూపుగా ఒక కంప్యూటర్, ఉత్పత్తి లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ కొని పెట్టాడు. బీరు కంపెనీల కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది. ఏ పానీయానికి ఏమేమి పడతాయి, ఎంత పడతాయి, ఏది ముందు, ఏది వెనక అన్నది ఒకసారి ఎక్కిస్తే, పాకం చేసిన ప్రతిసారీ అది లెక్క పట్టి చూస్తుంది. అవన్నీ ఎక్కించడానికి రావలసిన గణేశ్ అనే పిల్లవాడు బస్సులు, రైళ్ళు బంద్ అయి హైదరాబాద్‌లో ఇరుక్కుపోయాడు.

"సాంబయ్య సారు, మీరే ఎక్కియ్యాలె," అన్నాడు నర్సన్న. "సిరిసిల్లకు మాల్ పోవుడు ఆగితే నా కాడ ఏం లేదు. లింగన్న వచ్చేటాళ్ళకు లెక్క కుదురకపోతే డబ్బాలే తెప్పిస్త. మళ్ళ నన్ను అనద్దు."

"కుదురుతది," అన్నాడు సాంబయ్య.

గొప్పకు అన్న మాట కాదది. జగిత్యాల కాలేజీలో కెమిస్ట్రీ చదివి, చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో వయసంతా గడిపినవాడు. చక్కెర, నీళ్ళు కలిస్తే ఎంత తీపి రావాలో అంతే వస్తుంది, అబద్ధం చెప్పదు అని అతని నమ్మకం. ఫ్యాక్టరీ మూతపడ్డాక, భార్య పోయాక, ఇంట్లో కూర్చోలేక నర్సన్న దగ్గర చేరాడు. రోజూ జగిత్యాల నుంచి వస్తాడు. బస్సులు లేని ఈ రోజుల్లో షేర్ ఆటోలు మారి రావాలి. మోకాలు నొప్పి అని ఎప్పుడు పసిగట్టాడో, ఆటో అతను ముందు సీటు ఎవరికీ ఇవ్వకుండా సాంబయ్యకు అట్టిపెడుతున్నాడు. అడగకుండానే దొరికిన ఆ సీటులో కూర్చుని, దారిలో టెంట్లు, జెండాలు, రోడ్డు మీద కబడ్డీ ఆడుతున్న మాస్టర్లను చూస్తూ ఉత్సాహంగానే వచ్చేవాడు.

పాకం గదికి పెద్ద పోచవ్వ. కొడిమ్యాల దగ్గరి పల్లె నుంచి బతుకుతెరువుకు కోరుట్ల వచ్చింది. భూమి లేని ఇల్లు. ఊపిరి ఆడనంత దగ్గు పట్టేదాకా బీడీలు చుట్టింది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, రాత్రంతా దగ్గు. పాకం గదికి వచ్చాక ఆ దగ్గు తగ్గింది. అల్లం ఆవిరికి తగ్గిందని ఆమె అంటుంది, తంబాకు మానినందుకు తగ్గిందని డాక్టర్ అంటాడు. ఎలా తగ్గితేనేం, తగ్గింది. గదికి తాళం పడితే ఆమెకు మళ్ళీ చాటే గతి. ఆమెకు తోడుగా పనిచేసే బాలమణికీ అంతే. ఆ సంగతి గదిలో ఎవరూ పైకి అనరు గానీ, సాంబయ్య కంప్యూటర్‌ను పాకం గది గుమ్మం పక్క బల్ల మీద పెట్టించినప్పుడు ఇద్దరూ దాన్ని ఇంటికొచ్చిన కొత్త కోడలిని చూసినట్టు తేరిపార చూశారు.

"గీ డబ్బ తాగి సూస్తదా సారు?" అడిగింది పోచవ్వ.

"తాగది. లెక్క జూస్తది."

"తాగకుంట రుచి జెప్పేటోళ్ళను మస్తుగ సూసిన. మా అత్త గట్లనే ఉండె."

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాంబయ్య ఓపికగా మొదలుపెట్టాడు. ఒక పాకం పూర్తయ్యేదాకా గంగాళం పక్కన నిలబడి చూశాడు. చక్కెర తూకం వేయించాడు. నీళ్ళ పైపుకు మీటర్ పెట్టించాడు. అల్లం రసాన్ని కొలత డబ్బాలో పోయించాడు. చూసినదంతా వరుసగా ఎక్కించాడు. చక్కెర ఇంత, నీళ్ళు ఇన్ని, మరిగే సమయం, దించాక అల్లం రసం, చల్లారాక నిమ్మ ఉప్పు, చివరికి తొట్టిలో కలపడం. అన్నీ ఎక్కించాక కంప్యూటర్ తానే లెక్క కట్టి, తొట్టిలో పాకం ఇంత తియ్యగా ఉండాలి అని ఒక అంకె చూపించింది. ఇక పాకం చేసి, తీపి కొలిచే మీటర్ మీద ఒక చుక్క వేసి, వచ్చిన అంకె కింద కొట్టాలి. రెండూ కలిస్తే పచ్చగా వెలుగుతుంది, కలవకపోతే ఎర్రగా.

మొదటి పాకం పోచవ్వ చేసింది. ఎరుపు వచ్చింది. ఉండవలసిన తీపి కన్నా తక్కువ.

రెండోది బాలమణి చేసింది. మళ్ళీ ఎరుపే, ఇంకా తక్కువ.

సాంబయ్య కంగారు పడలేదు. తూకం రాళ్ళు మార్చి చూశాడు. మీటర్ నీళ్ళను బిందెలతో కొలిపించాడు. తీపి మీటర్‌ను కడిగి, తుడిచి, ఉత్త నీటి చుక్క వేసి సరిచూశాడు. చక్కెరలో చెమ్మ ఉందేమోనని కొంచెం ఎండబెట్టి తూచాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాకం మాత్రం పలచన. అంటే ఎక్కడి నుంచో నీళ్ళు వస్తున్నాయి.

అడగక తప్పలేదు. మీటర్ నీళ్ళు కాక ఇంకేమైనా నీళ్ళు పోశారా అని మెల్లగానే అడిగాడు. పోచవ్వ ముఖం చిన్నబుచ్చుకుంది.

"నువ్వు మా పక్కపొంటే నిలవడ్డవ్ గద సారు. చుక్క పోసినమా? పోస్తే నువ్వు సూడవా?"

నిజమే. అతను పక్కనే నిలబడ్డాడు. పోయడం చూడలేదు. ఆమె అబద్ధమాడే మనిషి కూడా కాదు.

గణేశ్‌కు ఫోన్ చేశాడు. గణేశ్‌ది ఈ వైపే, చందుర్తి. సమ్మె మొదలైన దగ్గర నుంచి ఇంటి మాట వినక మొహం వాచి ఉన్నాడు కాబట్టి ముందు జగిత్యాలలో వానల సంగతి, కోరుట్లలో ర్యాలీల సంగతి అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఉపాయం చెప్పాడు.

"అంకుల్, నష్టం అని ఒక గడి ఉంటది సూడుండ్రి. అండ్ల కొంచెం అంకె వెయ్యిండ్రి. చక్కెర గింత పోతుంది అని అది అనుకుంటది. ఎరుపు పోయి పచ్చగైతది. అందరు అట్లనే చేస్తరు."

"చక్కెర యాడికి పోతుంది బేటా?"

"యాడికన్న పోనియ్యిండ్రి. లెక్క కుదిరితె సాలు గద."

సాంబయ్య ఆ గడి తెరిచాడు. అంకె వేయడం ఒక్క నిమిషం పని. పోచవ్వ పాకానికి సరిపోయే అంకె వేస్తే బాలమణి పాకం ఎర్రబడుతుంది, బాలమణిది వేస్తే పోచవ్వది. పైగా కంప్యూటర్ పచ్చబడితే లింగన్న నాలుక పచ్చబడుతుందా? అతను ఆ గడిని ఖాళీగానే వదిలి, రేపు చూద్దాం అనుకుని లేచాడు. ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. దారి దొరకని లెక్కలు నిద్రపోయి లేస్తే దొరికిన సందర్భాలు అతనికి చాలా ఉన్నాయి.

మర్నాడు ఫ్యాక్టరీ నడవలేదు. ఆ రోజు కోరుట్లలో వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండి, రోడ్డు మీదనే కూర్చుని తినడం. బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగుతాయి. ఫ్యాక్టరీ ముందరి రోడ్డు మీద చుట్టుపక్కల వాడల వాళ్ళంతా చేరారు. కులసంఘాలవి, మహిళా సంఘాలవి వేరు వేరు బ్యానర్లు. నర్సన్న బియ్యం ఇచ్చాడు, సీసాలు కడిగే గదిలోంచి నీళ్ళు ఇచ్చాడు. చెప్పకుండానే వంట పెత్తనం పోచవ్వ చేతికి వచ్చింది. మూడు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. రెండిట్లో పప్పు, ఒకదాంట్లో చారు, మిగతావాటిలో అన్నం. ఆగిన లారీల డ్రైవర్లను కూడా పిలిచి కూర్చోబెట్టారు. పంజాబ్ నుంచి వచ్చిన ఒక సర్దార్జీ చారు తాగి, ముక్కు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగాడు. జై తెలంగాణ అంటే అతనూ జై అన్నాడు.

సాంబయ్యకు చెట్టు లేని రోడ్డు మీద ఎవరో లారీ నీడలో చోటు చూపించారు. విస్తరి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పోచవ్వ పప్పును గంజులోంచి వడ్డించే బకెట్లలోకి తోడించింది. గంజు అడుగున పప్పు అంటుకుని ఉంది. ఆమె అందులో చెంబెడు నీళ్ళు పోసింది. గంజును రెండు చేతులా పట్టి తిప్పింది. ఆ నీళ్ళను అటూ ఇటూ చూడకుండా చారు గంజులో ఒంపేసింది. రెండో పప్పు గంజు బాలమణి అందుకుంది. ఆమె చెంబెడు పోసి తిప్పి ఒంపింది, మళ్ళీ పోసి తిప్పి ఒంపింది, ఇంకా ఆశ తీరక మళ్ళీ పోసింది.

సాంబయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

పొద్దున్నే తన ఇంట్లో తానూ అదే చేశాడు. చింతపండు పిసికిన గిన్నె కడిగి, ఆ నీళ్ళు పులుసులో పోశాడు. వంట తెలియనివాడు, భార్య ఉన్న రోజుల్లో గుమ్మంలో నిలబడి చూసి నేర్చుకున్న పని అది. ఆమె పోయాక ఆ చూసిన జ్ఞాపకమే అతనికి రెండు పూటలా అన్నం పెడుతోంది. గిన్నె కడిగిన నీళ్ళు కూరలో పోయడం నీళ్ళు పోయడం కాదు. గిన్నెకు అంటుకున్నది వృథా పోకుండా తీసుకోవడం. ఈ నేల మీద పుట్టిన ఎవరినడిగినా అంతే చెబుతారు. అందుకే పోచవ్వ చుక్క పోయలేదంది. అందుకే గంగాళం పక్కనే నిలబడి, ఆమె పాకాన్ని తొట్టిలోకి ఒంపి, గంగాళం కడిగి, ఆ నీళ్ళు కూడా తొట్టిలో పోస్తుంటే తన కళ్ళతో చూసి కూడా తాను చూడలేదు. ఊపిరి పీల్చడం ఎవరు రాసుకుంటారు?

లేచి, విస్తరి చేతిలోనే పట్టుకుని, పొయ్యి దగ్గరికి పోయాడు.

"పోచవ్వా, పాకం గంగాళం కడిగిన నీళ్ళు ఏం జేస్తవ్?"

"తొట్టిల పోస్త. ఏమాయె?"

"బాలమణి?"

"నేను గూడ పోస్త సారు. అల్లం పిండిన బట్టను గూడ జాడిచ్చి పోస్త."

"ఎన్నిసార్లు?"

బాలమణి ఆలోచించింది. "తీపి పొయ్యేదాంక."

సాంబయ్య అక్కడే, పొగలో, నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియక ముందు ఆ ఇద్దరూ, తర్వాత పక్కన కూర్చున్న వాళ్ళూ నవ్వారు. అతను చెప్పుకొచ్చిన కొద్దీ పోచవ్వ మెల్లగా నవ్వు ఆపి, నోటి మీద చెయ్యి వేసుకుంది. ఒకరు ఒకసారి కడుగుతారు, ఒకరు తనివితీరా కడుగుతారు. ఒక రోజు సోడా తియ్యగా, ఒక రోజు చప్పగా ఉండేది అందుకే.

నర్సన్నకు విషయం తెలియగానే తీర్పు చెప్పేశాడు. రేపటి నుంచి గంగాళం కడిగిన నీళ్ళు బయటి మురుగు మోరీలో పోయండి, పీడ పోతుంది.

పోచవ్వ గరిటె కింద పెట్టింది. యజమానికి ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు, అయినా చెప్పింది.

"సేటు, ఏ పని జెప్పినా జేస్త. చక్కెర మోరిల పొయ్యమంటె నా చెయ్యి రాదు. నేను జూడనప్పుడు మీరే పోసుకోండ్రి."

"పొయ్యొద్దు," అన్నాడు సాంబయ్య నర్సన్నతో. "ఆమె జేసేదే సరైనది. మా చక్కెర ఫ్యాక్టరీలో గూడ కడిగిన తీపి నీళ్ళు మళ్ళ లోపటికే పంపేది. తప్పు నాది, లెక్కల పట్టలే. పట్టుకుంటే అయిపోయె."

మోరీలో పోస్తే రోజుకింత చక్కెర వృథా పోతుందనీ, తొట్టిలో పాకం ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ వస్తుందనీ అతను విడమరిచి చెప్పాడు. మరిగించే నీళ్ళలోంచి రెండు బకెట్లు ముందే తీసి పక్కన పెడదాం, గంగాళం, బట్ట కడగడానికి అవే వాడాలి, ఒకసారి కడిగినా, పదిసార్లు కడిగినా ఆ రెండు బకెట్లే, కడిగినదంతా తొట్టిలోకే. మొత్తం నీళ్ళు ఎప్పుడూ ఒకటే, చక్కెర గింజ కూడా బయటికి పోదు. నర్సన్న దుబాయిలో ఇంత బుర్ర పెట్టినవాడు ఎవడూ లేడని ఒప్పుకుని, అన్నం పెట్టించుకోవడానికి కూర్చున్నాడు.

మర్నాడు సాంబయ్య రెసిపీ మళ్ళీ తెరిచాడు. ఒక్క వరుసలో ఉన్న నీళ్ళను రెండు వరుసలు చేశాడు. మొదటిది మరిగే నీళ్ళు, రెండోది కడిగే నీళ్ళు. సాఫ్ట్‌వేర్ మొరాయించింది. దాని ఉద్దేశంలో కడగడం అంటే పని అయ్యాక చేసేది, ఆ నీళ్ళు బయటికి పోయేవి. పానీయంలోకి రావడానికి వీల్లేదు. గణేశ్‌కు ఫోన్ చేస్తే అతనూ అదే చెప్పాడు.

"అంకుల్, కడిగిన నీళ్ళు సరుకుల కింద రావు. బీరు కంపెనీలల్ల ఎవ్వరు గట్ల చెయ్యరు."

"మీ అమ్మ పప్పు గంజు కడిగి ఏం జేస్తది బేటా?"

ఫోన్లో గణేశ్ నవ్వు వినిపించింది.

"చారుల పోస్తది," అన్నాడు గణేశ్. తర్వాత అతనే హుషారుగా, సరుకుల్లో రెండో రకం నీళ్ళు అని కొత్త పేరు పెట్టమనీ, కలిపే దశలో గంగాళం ఖాళీ అయ్యాక ఒక మెట్టు పెంచి అక్కడ చేర్చమనీ దారి చూపించాడు. ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. సాంబయ్య ఒక్కొక్కటే నొక్కాడు. మధ్యలో కరెంటు పోయింది. నర్సన్న జనరేటర్ వేయించాడు. చేసినంత పని చెరిగిపోకుండా ఉన్నందుకు సాంబయ్య మనసులో ఆ యంత్రానికి దండం పెట్టుకున్నాడు.

రెండు బకెట్లకు పోచవ్వ పసుపు రంగు పూయించింది, వేరే పనికి ఎవరూ తీసుకోకుండా. ఆ రోజు పాకం ఆమె చేసింది. గంగాళం ఒకసారి కడిగింది, మిగిలిన నీళ్ళు ఉత్తవే తొట్టిలో పోసింది. మర్నాడు బాలమణి చేసింది. బకెట్‌లోని నీళ్ళు చెంబులతో తీసుకుని, గంగాళాన్ని పిల్లకు తలంటినట్టు కడిగింది. సాంబయ్య తొట్టిలోంచి చుక్క తీసి మీటర్ మీద వేసి, అంకె కొట్టాడు. పచ్చగా వెలిగింది. నిన్నటి పోచవ్వ అంకె పక్కన పెట్టి చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి.

"మంచిగనే ఉందా?" అడిగింది పోచవ్వ.

"నువ్వే తాగి సూడు."

ఆమె రెండు రోజుల సోడాలూ తాగింది. గ్లాసు కింద పెట్టి పనికి పోయింది. పోయేటప్పుడు బాలమణి వీపు మీద అరచేత్తో ఒకటి చరిచింది.

లింగన్న అన్న మాట ప్రకారం వచ్చాడు. బంద్‌కూ బంద్‌కూ మధ్య దొరికిన రోజున, వేములవాడ మీదుగా, దారిలో రెండు చోట్ల ఆగి నినాదాలు ఇచ్చి మరీ వచ్చాడు. నర్సన్న రెండు రోజుల సీసాలను, వాటి మీద గుర్తులు కనబడకుండా బల్ల మీద పెట్టాడు. లింగన్న ఒకటి తెరిచి తాగాడు. నీళ్ళు పుక్కిలించి ఇంకొకటి తాగాడు. మళ్ళీ మొదటిది. పాకం గదిలో అల్లం దంచుతున్న చప్పుడు ఆగింది.

"ఏది ముందటిది, ఏది ఎనుకటిది?" అడిగాడు లింగన్న.

"నువ్వే చెప్పు," అన్నాడు నర్సన్న.

"తెల్వకనే అడుగుతున్న."

చెప్పలేనన్నందుకు అతను సిగ్గుపడలేదు, సంతోషపడ్డాడు. మళ్ళీ బంద్ పిలుపు వచ్చేలోపు బండి నింపి పంపమన్నాడు. పని లేని రోజుల్లో మావాళ్ళు సోడా నాలుకలు పెంచుకున్నారు, మగ్గాలు మొదలైనా ఇక మోసం చేయలేం అని నవ్వాడు.

నర్సన్న వరండాలోకి పోయి ఫోన్ తీశాడు. రెడీమేడ్ పాకం కంపెనీ మనిషితో హిందీలో మాట్లాడుతున్నాడు. దుబాయి హిందీ కాబట్టి గొంతు గట్టిగానే ఉంది. డబ్బాలు అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు, తర్వాతా అక్కర్లేదు, మా గదిలో మాకు మనుషులున్నారు అని పాకం గది గోడ అవతలి దాకా వినిపించింది.

పోచవ్వకు హిందీ రాదు. అయినా అర్థం కావలసింది అర్థమైంది. కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి మీది నుంచి ఆవిరి తగలకుండా సాంబయ్య కుర్చీని కొంచెం పక్కకు జరిపింది.

"సారు, సుగంధి సోడా గూడ ఎక్కియ్యాలె గద. రేపు పొద్దుగాల్ల రా. ఈసారి ముందుగాల్ల నన్నే అడుగు, ఏమేం కడుగుతనో అన్ని జెప్త."

సాంబయ్య కొత్త పేజీ తెరిచి, పైన సుగంధి అని కొట్టాడు. వెనక బాలమణి అల్లం దంచడం మళ్ళీ మొదలుపెట్టింది.